ఇంట్లోనే సైకిల్‌కి మోటార్ పెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న రోజూ పొలానికి తొక్కుకుంటూ పోయే 28 ఇంచుల పాత నల్ల సైకిల్‌కి మోటార్ బిగించాక, వీధిలో కనపడ్డ ప్రతివాళ్ళూ ఆపి అడిగినవే ఇవన్నీ. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఒకచోట రాసేస్తున్నా. తర్వాత మా తమ్ముడి 26 ఇంచుల సైకిల్‌కి ఇంకో రకం మోటార్ పెట్టాను, అందుకే రెండు రకాల గురించీ చేత్తో చేసి చూసిందే చెప్తున్నా. నేనేం ఇంజనీర్‌ని కాదు, కానీ కాలాల్సిన వైర్లు అన్నీ కాల్చేశా.

పెట్రోల్ ఇంజన్ పెట్టొచ్చుగా, కరెంట్ మోటార్ ఎందుకు?

గడ్డి కోసే మెషిన్ ఇంజన్ పీకి సైకిల్‌కి పెట్టి డుర్రుమని పోయే వీడియోలు చూసి అడుగుతారు అందరూ, నేనూ ముందు అదే చేద్దామనుకున్నా. ఇబ్బంది ఎక్కడంటే మోటార్ వాహనాల చట్టం 1988లో ఇంజన్ 25 సీసీ దాటితే అది మోటార్ వాహనమే, మన చేతికి దొరికే గడ్డి మెషిన్ ఇంజన్లు చాలావరకు 43, 52 సీసీవి. 50 సీసీ లూనా మోపెడ్‌కే నంబర్ ప్లేటు ఉండేది, మనదానికి వద్దంటే ఎవరు ఒప్పుకుంటారు? ఇంట్లో చేసినదాన్ని రిజిస్టర్ చేయించడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. పైగా టూ స్ట్రోక్ అయితే పెట్రోల్‌లో ఆయిల్ కలపాలి, మోత, పొగ, కాళ్ళ మధ్య పెట్రోల్ డబ్బా, ఆ వణుకుడికి నట్లు వారం వారం లూజ్ అవుతాయి, సైకిల్ ఫ్రేమ్ అతుకుల దగ్గర పగుళ్ళొస్తాయి. వద్దు. ఇక్కడినుంచి రాసేదంతా కరెంట్ మోటార్ గురించే.

కరెంట్‌దైతే లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదా?

కేంద్ర మోటార్ వాహనాల రూల్స్‌లో రెండు లెక్కలున్నాయి: మోటార్ పవర్ 250 వాట్ల లోపు, స్పీడ్ 25 కిలోమీటర్ల లోపు. ఈ రెండూ దాటకుండా ఉంటే దాన్ని మోటార్ వాహనం కింద లెక్కేయరు, కాబట్టి రిజిస్ట్రేషన్, లైసెన్స్ గొడవ లేదు. ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్, సరైన బ్రేకులు ఉండాలని కూడా అందులో ఉంది. అయితే షాపులో అమ్మే బండికి టెస్టింగ్ ఏజెన్సీ అప్రూవల్ కాగితం ఉంటది, మనం ఇంట్లో బిగించినదానికి అది ఉండదు, ఆ తేడా మనసులో పెట్టుకోండి. నన్ను ఇప్పటిదాకా ఎవరూ ఆపలేదు, ఎందుకంటే చూట్టానికి అది సైకిల్ లాగే ఉంది, సైకిల్ లాగే పోతది. అదే 1000 వాట్ల మోటార్ పెట్టి 50లో పోతూ పోలీసులకి దొరికితే ఏం చెప్తారు? ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్స్ కూడా ఉండదు, మొత్తం మన జేబులోంచే.

ఏ సైకిల్ పనికొస్తుంది?

స్టీల్ ఫ్రేమ్, స్టీల్ ఫోర్క్ ఉన్నది ఏదైనా. బరువుగా ఉందని చిన్నచూపు చూసే పాత నల్ల సైకిలే దీనికి బంగారం. సస్పెన్షన్ ఫోర్క్ ఉన్న ఫ్యాన్సీ సైకిళ్ళకి ముందు చక్రంలో మోటార్ పెట్టకండి, ఇరుసు కూర్చునే చోట అల్యూమినియం ఉంటే మోటార్ తిప్పుడికి పగులుద్ది. గేర్ సైకిల్ అయితే వెనక చక్రం మోటార్ కొనేముందు గేర్ల సెట్టు దానికి ఎక్కుద్దో లేదో అడగండి.

హబ్ మోటార్ మంచిదా, చైన్‌తో తిప్పే మోటార్ మంచిదా?

ఎక్కువమంది అడిగేది ఇదే, నేను ఎక్కువ డబ్బులు పోగొట్టుకున్నదీ ఇక్కడే.

చైన్ మోటార్ అంటే 24 వోల్టులు 250 వాట్లది, పక్కన గేర్ డబ్బా ఉంటది, కిట్‌లో కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటార్‌కి పోయే కరెంట్‌ని ఎక్కువ తక్కువ చేసే డబ్బా), ఎక్సలేటర్, బ్రేక్ లివర్లు, బిగించే పట్టీ అన్నీ వస్తాయి. చవక. పాత సైకిల్ చక్రం మార్చాల్సిన పని లేదు. నాన్న సైకిల్‌కి రెండు ఫ్రీవీల్స్‌ని (వెనక చక్రం దగ్గర చైన్ ఎక్కే పళ్ళ చక్రాలు) ఒకదానికొకటి వెల్డ్ చేయించి వెనక హబ్‌కి, అంటే చక్రం మధ్య భాగానికి, ఎక్కించాం, లోపలిది పెడల్ చైన్‌కి, బయటది మోటార్ చైన్‌కి. మొదటిసారి వెల్డింగ్ అతను ఒకేసారి చుట్టూ కాల్చేశాడు, ఆ వేడికి లోపల స్ప్రింగులు, గోలీలు పోయి ఫ్రీవీల్ జామ్ అయిపోయింది. రెండోసారి పక్కనే కూర్చుని, చుక్క పెట్టి చల్లారనిచ్చి మళ్ళీ ఎదురువైపు చుక్క పెట్టేలా చేయించా, అది ఇప్పటికీ తిరుగుతోంది. మోటార్ పళ్ళూ, ఫ్రీవీల్ పళ్ళూ ఒకే గీతలో లేకపోతే చైన్ ఊరికే ఊడిపోద్ది, దారం పట్టుకుని చూసుకోండి. మోత కూడా ఉంటది, కుట్టు మిషన్ లాగా.

హబ్ మోటార్ అంటే చక్రం మధ్యలోనే మోటార్. సైలెంటు, నీటు, చైన్ గొడవ లేదు. కానీ మన పాత సైకిళ్ళకి ముందు చక్రం 32 పుల్లలు, వెనకది 40 పుల్లలు, కిట్‌లో వచ్చే మోటార్లకేమో ఎక్కువగా 36 రంధ్రాలు! పాత రిమ్ములోకి అల్లించుకుందాం అని ఉత్త మోటార్ తెప్పించుకుని తలపట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. రిమ్‌తో అల్లి ఉన్న చక్రమే కొనండి. వెనక ఫోర్క్ వెడల్పు కూడా కొలవండి, చాలా వెనక హబ్ మోటార్లకి 135 మిల్లీమీటర్లు కావాలి, పాత సైకిల్‌కి అంత ఉండదు, ముందు చక్రానికైతే 100.

హబ్ మోటార్‌లో మళ్ళీ రెండు రకాలు. గేర్లున్నది చిన్నది, తేలిక, బ్యాటరీ అయిపోయినా తొక్కితే మామూలు సైకిల్ లాగే పోద్ది. గేర్లు లేనిది బరువు, కరెంట్ లేకుండా తొక్కితే ఎవరో వెనక నుంచి క్యారియర్ పట్టుకుని లాగుతున్నట్టు ఉంటది. 250 వాట్లకి గేర్లున్నదే తీసుకోండి.

ఇంకోటి, హబ్ మోటార్ ఇరుసు రెండు పక్కలా చదునుగా ఉంటది, ఫోర్క్ గాడిలో అది కదలకుండా పట్టి ఉంచేందుకు టార్క్ ఆర్మ్ అని ఇనప పట్టీ వేస్తారు. ఊరికే నట్టు బిగించి వదిలేస్తే ఎక్సలేటర్ తిప్పినప్పుడల్లా చక్రం ముందుకు, ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తది, ఒకరోజు గాడి అరిగి ఇరుసు గిర్రున తిరిగి వైర్లన్నీ మెలిపడి తెగిపోతాయి, ముందు చక్రమైతే ఊడి పడుద్ది కూడా. పట్టీ లేత్ షాపులో చేయించుకున్నా చాలు, మందంగా ఉండాలి.

స్పీడ్ ఎంత వస్తుంది, ముందే లెక్క తెలుస్తుందా?

తెలుస్తది, కాలిక్యులేటర్ చాలు. 28 ఇంచుల చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.2 మీటర్లు పోద్ది. గేర్ డబ్బా దాటాక మోటార్ నిమిషానికి 300 చుట్లు తిరుగుతుందనుకోండి, మోటార్ పళ్ళు 9, ఫ్రీవీల్ పళ్ళు 16 అయితే చక్రం 169 చుట్లు తిరుగుద్ది, అంటే గంటకి 22 కిలోమీటర్లు. 18 పళ్ళ ఫ్రీవీల్ వేస్తే 20కి తగ్గుద్ది గానీ ఎత్తు ఎక్కడానికి సుఖం. నాన్నకి 18దే వేశా, ఆయనకి వెనక రెండు గడ్డి మోపులు ఉంటాయి మరి.

36 వోల్టుల మోటార్‌కి 48 వోల్టుల బ్యాటరీ పెడితే ఇంకా స్పీడ్ పోద్దంట కదా?

పోద్ది. మోటార్ చుట్లు వోల్టేజీని బట్టే పెరుగుతాయి. కానీ 48 వోల్టుల లిథియం బ్యాటరీ నిండా చార్జ్ అయితే 54.6 వోల్టులు, కంట్రోలర్ లోపల కెపాసిటర్ (కరెంట్‌ని కాసేపు దాచుకునే చిన్న డబ్బీ) మీద 50 వోల్టులు అని రాసుంటే మొదటి రోజే టప్పుమంటది. అది తట్టుకున్నా హబ్ లోపల ప్లాస్టిక్ గేర్లు తట్టుకోవు. 250 వాట్ల లెక్క కూడా అక్కడితో దాటిపోతాం. మా తమ్ముడు నాతో ఈ విషయం మీద ఇప్పటికీ గొడవ పడతాడు.

ముందు ఏం కొనాలి?

బ్రేకులు. నవ్వకండి. మోటార్ పెట్టినంత మాత్రాన సైకిల్ ఆగడం నేర్చుకోదు కదా. పాత సైకిల్ రాడ్ బ్రేకులు స్టీల్ రిమ్ మీద ఎండలోనే అంతంతమాత్రం, వాన పడితే నొక్కినా జారుతూనే పోద్ది. ఇంతకుముందు తొక్కినంతసేపు నాన్న స్పీడ్ 12 దాటేది కాదు, ఇప్పుడు 20, పైగా మోటారూ బ్యాటరీ బరువు. స్పీడ్ 12 నుంచి 20కి పోతే ఆపాల్సిన ఊపు దాదాపు మూడు రెట్లవుతుంది, ఎందుకంటే స్పీడ్ రెట్టింపయితే ఊపు నాలుగు రెట్లు. కొత్త రబ్బర్లు, రెండు చక్రాలకీ బెండు తీయించడం, టైర్లు చీలికలుంటే మార్చడం, ఇవన్నీ అయ్యాకే మోటార్. కిట్‌లో వచ్చే బ్రేక్ లివర్లకి కట్ ఆఫ్ వైరు ఉంటది, బ్రేక్ పట్టగానే మోటార్ ఆగిపోద్ది, దాన్ని బద్ధకించి వదిలేయకండి. రాడ్ బ్రేక్ సైకిల్‌కి ఆ లివర్ కుదరకపోతే కేబుల్ బ్రేకులకి మార్పించండి, సైకిల్ షాపాయన గొణుగుతాడు గానీ చేస్తాడు.

బ్యాటరీ ఏది తీసుకోవాలి?

యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత కరెంట్ పడుతుందో చెప్పే లెక్క) లెడ్ బ్యాటరీలు రెండు కలిపితే 24 వోల్టులు, చవగ్గా అయిపోద్ది కదా అని మొదట అవే పెట్టా. రెండూ కలిసి నాలుగు కేజీల పైన, కాగితం మీద 168 వాట్ అవర్లు. కానీ ఇవి మెల్లగా కరెంట్ ఇచ్చే రకం, మన మోటార్ ఒకేసారి 13 ఆంప్స్ లాగుద్ది, అలా లాగితే సగమే ఇస్తాయి. నాన్న పొలానికి పోయి వచ్చేదాంట్లో వచ్చేటప్పుడు తొక్కుకుంటూ వచ్చేవాడు. ఎండాకాలం అయ్యేసరికి రెండూ ఉబ్బాయి.

ఇప్పుడు లిథియం. దీంట్లో రెండు రకాలు వినపడతాయి. మామూలు లిథియం అయాన్ సెల్ 3.6 వోల్టులు, నిండితే 4.2, పది వరసగా కలిపితే 36 వోల్టుల ప్యాక్, దాని చార్జర్ 42 వోల్టులది. ఇంకోటి ఐరన్ ఫాస్ఫేట్, సెల్ 3.2 వోల్టులు, నిండితే 3.65, ఎనిమిది కలిపితే 24 వోల్టుల లెక్కకి వస్తది, చార్జర్ 29.2. కొంచెం బరువెక్కువ, కానీ వేడికి ఓర్పెక్కువ, ఎక్కువ సార్లు చార్జ్ పెట్టుకోవచ్చు. మన ఎండలకి నా ఓటు దీనికే. ఏది కొన్నా లోపల బీఎంఎస్ ఉండాలి, సెల్ ఎక్కువ నిండకుండా, మరీ ఖాళీ అవ్వకుండా, షార్ట్ అయితే ఆపేసేలా చూసే బోర్డు అది. ఒకదాని చార్జర్ ఇంకోదానికి పెట్టొద్దు, పిన్ను సరిపోయింది కదా అని కూడా వద్దు.

పాత లాప్‌టాప్ సెల్స్‌తో నేనే ప్యాక్ చేసుకోవచ్చా?

ఇది మొదటి ప్రాజెక్ట్ అయితే చేయొద్దు. ఏ సెల్ ఎంత అలిసిపోయిందో కళ్ళకి కనపడదు, ఒక్కటి వీక్‌గా ఉన్నా దానిమీదే భారం పడి వేడెక్కుద్ది. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ పెడితే లోపల దెబ్బతింటది, నికెల్ పట్టీతో స్పాట్ వెల్డింగ్ చేయాలి. ప్యాక్ మటుకు బిల్లు, వారంటీ ఉన్నదే కొనండి.

చార్జింగ్ పెడితే పేలుతుందా? ఇంట్లో ఆడవాళ్ళు భయపడుతున్నారు.

భయపడ్డంలో తప్పేం లేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో బ్యాటరీ పేలి మనుషులు పోయారు, అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి పైన లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. కాబట్టి మా ఇంట్లో రూలు ఇది: పడుకునే గదిలో చార్జింగ్ లేదు, రాత్రంతా పెట్టి నిద్రపోవడం లేదు, వాకిలికి అడ్డంగా పెట్టడం అసలు లేదు (మంట లేస్తే బయటికి పోయే దారి అదే కదా). వరండాలో గచ్చు మీద, చుట్టూ గుడ్డా గోనెసంచీ లేకుండా, మనిషి మెలకువగా ఉన్నప్పుడు. మే నెలలో రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండలో తిరిగొచ్చి బ్యాటరీ సలసలా కాగుతుంటే వెంటనే ప్లగ్గు పెట్టకండి, గంట నీడలో ఉంచండి. కింద పడి సొట్టపోయినా, ఉబ్బినా, తియ్యటి ఘాటు వాసనొచ్చినా ఇక దాన్ని వాడొద్దు.

ఒక చార్జ్‌కి ఎన్ని కిలోమీటర్లు? కరెంట్ బిల్లు ఎంత?

వోల్టుల్ని ఏహెచ్‌తో గుణించండి. తమ్ముడిది 36 వోల్టులు, 10 ఏహెచ్, అంటే 360 వాట్ అవర్లు. కొంచెం తొక్కుతూ పోతే కిలోమీటర్‌కి 12 వాట్ అవర్ల దాకా ఖర్చవుద్ది, కాలు కదపకుండా ఎక్సలేటర్ మీదే పోతే 15, 16. అడుగంటా వాడకుండా కొంచెం మిగల్చాలి కాబట్టి 20 నుంచి 27 కిలోమీటర్లు. 50 కిలోమీటర్లు వస్తదని అమ్మేవాడు చెప్తే ఎంత బరువున్న మనిషి మీద, ఎంత తొక్కితే అని అడగండి. నిండా చార్జ్ చేయడానికి అర యూనిట్ కూడా పట్టదు, ఇంటి కరెంట్ రేటుకి మహా అయితే మూడు నాలుగు రూపాయలు.

డైనమో పెట్టి పోతూ పోతూనే చార్జ్ చేసుకోవచ్చుగా?

ఈ ప్రశ్న అడగని మనిషి లేడు, మా మాస్టారు కూడా అడిగారు. డైనమోని తిప్పేది చక్రం, చక్రాన్ని తిప్పేది బ్యాటరీ, మన జేబులో డబ్బు తీసి మన జేబులోనే పెట్టుకుంటూ మధ్యలో కమీషన్ కట్టడం లాంటిది. సైకిల్ డైనమో ఇచ్చేదే 3 వాట్లు, దాంతో 360 వాట్ అవర్లు నిండాలంటే 120 గంటలు తొక్కాలి.

ఇంట్లో పాత మిక్సీ మోటార్ ఉంది, కారు వైపర్ మోటార్ ఉంది, వాడొచ్చా?

మిక్సీది 230 వోల్టులది, కుదరదు. వైపర్ మోటార్‌కి మనిషిని లాగే పవర్ లేదు. ఈ-రిక్షా మోటార్ లాగుద్ది గానీ పవర్‌లో 250 వాట్లని ఎప్పుడో దాటేసి ఉంటది.

ఫ్లైఓవర్, ఘాట్ రోడ్డు ఎక్కుతుందా?

మనిషీ సైకిలూ కలిపి 100 కేజీలు అనుకుంటే, నూరు మీటర్లకి 5 మీటర్లు లేచే ఎత్తు మీద గంటకి 15లో పోవాలంటే దాదాపు 245 వాట్లు కావాలి. అంటే మోటార్ దమ్మంతా అక్కడికే. మామూలు ఫ్లైఓవర్ ఎక్కుద్ది, కొంచెం కాలు సాయం చేయాలి. శ్రీశైలం ఘాట్ లాంటిదాని మీద ఎక్సలేటర్ మెలేసి కూర్చుంటే మోటార్ కాలిపోద్ది, తొక్కండి, ఆగండి, చెయ్యి పెట్టి చూడండి, వేడి తట్టుకోలేకపోతున్నారంటే చల్లారనివ్వండి. డబుల్స్ వద్దు.

అన్నీ కలిపాను, మోటార్ వణుకుతోంది గానీ తిరగట్లేదు. ఏమైంది?

హబ్ మోటారే అయ్యుంటది. దానికి మూడు లావు వైర్లు, ఐదు సన్న వైర్లు ఉంటాయి, ఆ సన్నవి లోపల చక్రం ఏ పొజిషన్‌లో ఉందో చెప్పే హాల్ సెన్సర్లవి. రంగుకి రంగు కలిపినా ఒక్కోసారి కుదరదు, లావు వైర్లలో రెండు మార్చి చూడాలి. సన్న వైర్ల కనెక్టర్‌లో పిన్ను వెనక్కి జారి ఉన్నా ఇదే గోల.

అసలు కదలకపోతే మల్టీమీటర్ తీయండి. ఎక్సలేటర్ ఎర్ర వైరుకీ నల్ల వైరుకీ మధ్య 5 వోల్టులు రావాలి, మూడో వైరు మీద వదిలేసినప్పుడు 1 వోల్టు లోపు, పూర్తిగా తిప్పితే 4 దగ్గర్లో ఉండాలి. బ్రేక్ లివర్ స్విచ్ ఇరుక్కుపోయినా మోటార్ తిరగదు, నేను ఒక ఆదివారం మొత్తం కంట్రోలర్ పోయిందనుకుని ఏడ్చి సాయంత్రం లివర్‌లో ఇరుక్కున్న మట్టి బెడ్డ తీశా.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు చక్రం గాల్లో ఉండాలి. ఎక్సలేటర్ నల్ల వైరు ఊడి ఉంటే కొన్ని కంట్రోలర్లు ఫుల్ స్పీడ్‌లో లేస్తాయి. బ్యాటరీ ప్లస్ వైరుకి, బ్యాటరీ పక్కనే 20 ఆంప్స్ ఫ్యూజ్ వేయండి. కనెక్టర్ కలిపేటప్పుడు చిటుక్కుమని నిప్పురవ్వ వస్తే కంగారు పడొద్దు, కంట్రోలర్‌లో కెపాసిటర్లు నిండేటప్పుడు వచ్చేదే అది.

వానలో తొక్కొచ్చా?

జల్లు అయితే ఫర్లేదు. కంట్రోలర్‌ని సీటు కింద, వైర్లు కిందవైపుకి దిగేలా పెట్టండి, వైరు ఒక వంపు తిరిగి వస్తే నీళ్ళు ఆ వంపు దగ్గరే జారిపోతాయి. హబ్ మునిగేంత నీళ్ళలో దిగొద్దు.

మొత్తం ఖర్చు ఎంతయింది?

నాన్నదానికి కిట్ 6 వేల పైచిలుకు, ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చార్జర్‌తో కలిపి 7 వేల దగ్గర, బ్రేకులు టైర్లు 1500, వెల్డింగ్‌కి 600, అందులో జామ్ అయిన ఫ్రీవీల్ కూడా కలుపుకోండి. ఊరిని బట్టి, కొనే టైముని బట్టి మారుద్ది. ఉబ్బిపోయిన లెడ్ బ్యాటరీల లెక్క ఇంట్లో చెప్పలేదు. కనెక్టర్లు, ఫ్యూజ్ హోల్డర్లు, మంచి రాగి వైరు హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చుకున్నా, చైన్, నట్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో. సన్న వైరు మటుకు వాడకండి, 13 ఆంప్స్‌కి అది మెత్తబడి అతుక్కుపోద్ది.

పిల్లలు ఊరికే ఎక్సలేటర్ తిప్పేస్తున్నారు, ఏం చేయాలి?

తాళం చెవి స్విచ్ వేయండి, కిట్‌తో రాకపోతే ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో దొరుకుద్ది. స్టాండ్ వేసి ఉన్న సైకిల్‌ని పక్కింటి బుడ్డోడు తిప్పితే ఎగిరి వెళ్ళి మా బర్రెల తొట్టికి గుద్దుకుంది, అదృష్టం కొద్దీ వాడు ఎక్కి లేడు. ఆ సాయంత్రమే స్విచ్ వేశా. తాళం చెవి నాన్న మొలతాడుకి కట్టేసుకున్నాడు, ఇప్పుడు నాక్కావాల్సినా ఆయన నిద్ర లేచేదాకా ఆగాలి.